అమెరికా సిటిజన్‌షిప్ ముందు బుగులు పోవాలంటే

గ్రీన్‌కార్డ్ చేతికొచ్చి ఐదేళ్లు నిండుతున్నా, సిటిజన్‌షిప్ దరఖాస్తు అయిన ఎన్‌-400 ఫారం సగం నింపి పక్కన పెట్టేసినవాళ్లు హనుమకొండ, కాజీపేట, కరీంనగర్, జగిత్యాల నుంచి పోయినవాళ్లలో చాలామంది కనిపిస్తారు. ఆ ఫారం తెరిచినప్పుడల్లా నాలుగైదు భయాలు ఒక్కసారే మీద పడతాయి. ఇంటర్వ్యూలో నోరు పెగలకపోతే? ఊళ్లో భూమి ఏమవుతుంది? బాపుకు బాగలేదని ఫోన్ వస్తే ఏ పాస్‌పోర్ట్ మీద పోవాలి? అమ్మకు ఎట్లా చెప్పాలి? అన్నీ కలిసిపోయి ఒకటే బుగులుగా కూర్చుంటాయి కాబట్టి దేన్నీ పట్టుకుని తేల్చలేం. వీటిలో కొన్ని కాగితాలతో తీరేవి. కొన్ని సాధనతో తీరేవి. ఒకటి రెండు మాత్రం ఇంటివాళ్లతో కూర్చుని మాట్లాడితేనే తీరతాయి. ముందు వీటిని విడదీయాలి.

ఏం పోతుంది, ఏం పోదు

ఒక తెల్లకాగితం తీసుకుని మధ్యలో గీత గీయండి. ఎడమవైపు పోయేవి, కుడివైపు ఉండేవి రాయండి. ఫోన్లో కాకుండా చేత్తో రాస్తే మంచిది, ఇంట్లో అందరూ చూడొచ్చు.

పోయేవి ఇవి. భారత పౌరసత్వం: 1955 పౌరసత్వ చట్టం 9వ సెక్షన్ ప్రకారం, ఇష్టపూర్వకంగా మరో దేశ పౌరసత్వం తీసుకున్న క్షణంలోనే ఇది దానంతటదే పోతుంది. వేరే ఎవరూ రద్దు చేయనక్కర్లేదు. దాంతో పాటు భారత పాస్‌పోర్ట్, ఓటు, ఎన్నికల్లో నిలబడే హక్కు, సర్కారు కొలువు.

ఉండేవి చాలా పెద్ద జాబితా. వేరే దేశ పౌరులైన భారత సంతతివాళ్లకు భారత్ ఇచ్చే ఓసీఐ కార్డు తీసుకుంటే జీవితాంతం ఎన్నిసార్లైనా రావొచ్చు, ఎన్నాళ్లైనా ఉండొచ్చు, పోలీసు రిజిస్ట్రేషన్ అవసరం లేదు. ఇల్లు, ప్లాటు, ఫ్లాటు కొనొచ్చు, అమ్మొచ్చు. తల్లిదండ్రుల ఆస్తికి వారసులుగా ఉంటారు. బ్యాంకు ఖాతాలు, పాన్ కార్డు కొనసాగుతాయి. ఈ ఓసీఐ పథకం మొదలైంది కూడా 2006 జనవరిలో హైదరాబాద్‌లో జరిగిన ప్రవాసీ భారతీయ దివస్‌లోనే.

చాలామందికి తెలియని సంగతి ఇంకొకటి ఉంది. దీన్ని కుడివైపు అన్నిటికన్నా పైన రాయండి. ఓసీఐ కార్డు తీసుకుని ఐదేళ్లు అయ్యాక, ఏడాది పాటు భారత్‌లో నివాసం ఉండి, మళ్లీ భారత పౌరసత్వానికి దరఖాస్తు పెట్టుకునే దారి అదే చట్టంలో ఉంది. అప్పుడు అమెరికా పౌరసత్వం వదులుకోవాలి. ఆ దారిలో పోయేవాళ్లు తక్కువే. అయినా అది ఉందని తెలిస్తే "ఇగ జన్మలో మళ్లా రాదు" అన్న మాట మనసులోంచి తీసేయొచ్చు. మనిషిని ఎక్కువగా కుంగదీసేది ఆ మాటే.

భూమి రంది

వరంగల్ చుట్టుపక్కల ఇళ్లలో మొదట వచ్చే ప్రశ్న పౌరసత్వం గురించి కాదు, పట్టా గురించి. "సిటిజన్‌షిప్ తీసుకుంటే పాసుబుక్కులో పేరు తీసేస్తరట" అని పాలివాళ్లు అంటారు. ఆ ఒక్క మాటతో ఇంట్లో అందరికీ నిద్ర పట్టదు.

విదేశీ మారకపు నిర్వహణ చట్టం (ఫెమా) నిబంధనల ప్రకారం లెక్క ఇది. వ్యవసాయ భూమి, తోట, ఫామ్‌హౌస్ కొనే వీలు ఓసీఐ ఉన్నవాళ్లకు లేదు. అయితే భారత పాస్‌పోర్ట్ మీద అమెరికాలో ఉంటున్న ఎన్నారైకి కూడా ఆ వీలు లేదు. అంటే ఆ హక్కు సిటిజన్‌షిప్‌తో పోయేది కాదు, అమెరికాలో స్థిరపడ్డప్పుడే పోయింది. ఇక్కడ నివాసం ఉన్నప్పుడు మీ పేరున కొన్న పొలం ఉంటే అది మీదే, ఉంచుకోవచ్చు. తాతల నాటి పొలం వారసత్వంగా రావొచ్చు. అమ్మాలంటే మాత్రం భారత్‌లో ఉంటున్న భారత పౌరుడికే అమ్మాలి.

ఎక్కువమంది దెబ్బతినేది ఒక్కచోట. బిడ్డ సిటిజన్ అయ్యేలోపే పొలం రాసిచ్చేద్దామని తండ్రి తొందరపడి గిఫ్ట్ డీడ్ చేయిస్తాడు. వ్యవసాయ భూమిని ఎన్నారైకి గానీ ఓసీఐకి గానీ గిఫ్ట్‌గా ఇవ్వడం కుదరదు. వీలునామా ద్వారా గానీ, విరాసత్ ద్వారా గానీ రావచ్చు. కాబట్టి తొందరపడి చేయాల్సిన పనేమీ లేదు, వీలునామా సరిగ్గా రాయించి పెట్టుకుంటే చాలు. అమెరికా నుంచి పవర్ ఆఫ్ అటార్నీ పంపాల్సి వస్తే కాన్సులేట్‌లో అటెస్ట్ చేయించాలి, లేదా నోటరీ చేయించి అపోస్టిల్ (వేరే దేశంలో చెల్లేట్టు సర్కారు ఇచ్చే ధ్రువీకరణ) వేయించాలి. కాగితం ఇక్కడికి చేరిన మూడు నెలల్లోపు స్టాంపు సుంకం కట్టించాలి. ఆ గడువు దాటితే తిరుగుడు ఎక్కువవుతుంది.

ఈ నాలుగు సంగతులు రాసి అన్నదమ్ములందరికీ ఒకేసారి పంపండి. ఒక్కొక్కరికి విడివిడిగా చెబితే ఒక్కో తీరుగా తిరిగొస్తుంది.

ఇంట్లో ఎప్పుడు చెప్పాలి

ప్రమాణం అయ్యాక ఫోటో పంపి చెప్పేవాళ్లు ఉంటారు. అది చాలా పెద్ద పొరపాటు. అమెరికాలో పదిమంది చప్పట్లు కొట్టిన సంగతి హనుమకొండలో ఒంటరిగా ఉన్న అమ్మకు వాట్సాప్‌లో తెలిస్తే, ఆమెకు ముందు తట్టేది "నాకు చెప్పలేదు" అన్నదే. ఆ బాధ చాలాకాలం ఉంటుంది. ఫారం పంపకముందే చెప్పాలి.

ఆదివారం పొద్దున టిఫిన్లు అయ్యాక మాట్లాడితే బాగుంటుంది. హనుమకొండలో ఆదివారం పొద్దున 8 గంటలంటే డాలస్‌లో శనివారం రాత్రి, వేసవిలో తొమ్మిదిన్నర, చలికాలంలో ఎనిమిదిన్నర. రెండువైపులా తొందర ఉండదు. వీడియో కాల్ పెట్టండి, అమ్మానాన్న ఇద్దరూ ఉన్నప్పుడు చెప్పండి. పక్కన చుట్టాలు, ఇరుగుపొరుగు లేని సమయం చూసుకోండి. వాళ్లుంటే పెద్దవాళ్లు పైకి నవ్వేసి లోపల దాచుకుంటారు.

ముందుగా కారణం చెప్పండి. ఉద్యోగం పోతే వెళ్లగొడతారన్న భయం ఉండదు, పిల్లల చదువు నిలకడగా ఉంటుంది, అమ్మానాన్నలకు గ్రీన్‌కార్డ్ పెట్టొచ్చు, ఇక్కడ ఎంతకాలం ఉన్నా అక్కడి హోదా పోదు. ఈ చివరిది తల్లిదండ్రులకు బాగా పడుతుంది. గ్రీన్‌కార్డ్ మీద ఉన్నవాళ్లు ఇంటికొచ్చి ఆరు నెలలు దాటితే చిక్కు. సిటిజన్ అయితే బాపు ఆపరేషన్ అయి కోలుకునేదాకా పక్కనే ఉండొచ్చు.

"ఇగ నువ్వు మనోడివి కావా బిడ్డా?" అని అడిగితే చట్టం గురించి ఉపన్యాసం మొదలుపెట్టొద్దు. ఆ ప్రశ్నలో అసలు అడిగేది "నాకు ఏమన్నా అయితే వస్తవా?" అని. దానికే జవాబు చెప్పండి: ఎంతలో రాగలుగుతారు, ఏ కాగితం మీద వస్తారు, ప్రతి ఏడాది ఎప్పుడు వస్తారు. బతుకమ్మకా, సంక్రాంతికా, రెండేళ్లకోసారి మాఘ పున్నమికి జరిగే మేడారం జాతరకా, ఒకటి ఖాయంగా చెప్పి ఆ మాట నిలబెట్టుకోండి. నాయిన కోపంగా మౌనంగా ఉంటే ఆ రోజుకు వదిలేయండి. వారం తర్వాత మళ్లీ మాట్లాడండి. మొదటి ఫోన్లోనే ఒప్పించాలని పట్టుబట్టేవాళ్లే గొడవ తెచ్చుకుంటారు.

భార్యాభర్తల్లో ఒకరు తీసుకుని ఇంకొకరు ఆగాలనుకున్నా తప్పేం లేదు. కాకపోతే 18 ఏళ్లలోపు పిల్లలు గ్రీన్‌కార్డ్ మీద మీతోనే ఉంటుంటే, తల్లిదండ్రుల్లో ఒకరు సిటిజన్ కాగానే వాళ్లు కూడా చట్టప్రకారం సిటిజన్లు అవుతారు. పద్నాలుగు, పదిహేనేళ్ల పిల్లలకు ఈ సంగతి ముందే చెప్పి వాళ్ల మనసులో ఏముందో అడగండి.

ఫారం పంపే రోజు

ఐదేళ్లు నిండడానికి 90 రోజుల ముందు నుంచే దరఖాస్తు పంపొచ్చు. అమెరికా పౌరుడితో పెళ్లయి కలిసి ఉంటే మూడేళ్లు. ఆ ఐదేళ్లలో కనీసం 30 నెలలు అమెరికా నేల మీద ఉండాలి. ఆన్‌లైన్‌లో ఫీజు 710 డాలర్లు, కాగితం మీద పంపితే 760.

ఒకే ప్రయాణంలో ఆరు నెలలకు మించి బయట ఉంటే నివాసం తెగిపోయినట్టు అనుకుంటారు, కాదని మీరు రుజువులు చూపాలి. ఏడాది దాటితే తెగిపోయినట్టే. ఇంట్లో పెద్దవాళ్ల జబ్బు కోసం వచ్చి ఇరుక్కుపోయినవాళ్లు ఆస్పత్రి కాగితాలు, అమెరికాలో అద్దె లేదా ఇంటి లోన్ కట్టిన రశీదులు, పన్ను పత్రాలు జతచేసుకోవాలి.

మన పేర్ల గురించి కొంచెం ఎక్కువ జాగ్రత్త కావాలి. ఇంటిపేరు ముందు, అసలు పేరు వెనక. పాస్‌పోర్టులో ఇంటిపేరు గడి ఖాళీ. పది మెమోలో ఒక అక్షరం తేడా. గ్రీన్‌కార్డ్, భారత పాస్‌పోర్ట్, పెళ్లి సర్టిఫికెట్ పక్కపక్కన పెట్టి అక్షరం అక్షరం సరిచూడండి. పేరు మార్చుకోవాలనుకుంటే ఎన్‌-400లోనే అడగొచ్చు. అయితే అప్పుడు ప్రమాణం కోర్టులో జడ్జి ముందు జరగాలి, దానివల్ల తేదీ వెనక్కి పోవచ్చు. పుట్టిన ఊరి విషయంలో కూడా తికమక పడతారు. పుట్టినప్పుడు వరంగల్ జిల్లా, ఆంధ్రప్రదేశ్. 2014 జూన్ 2 నుంచి తెలంగాణ. 2016 అక్టోబర్‌లో జిల్లా ముక్కలైంది, 2021లో వరంగల్ అర్బన్ పేరు హనుమకొండ అయింది. ఇప్పుడు ఏం రాయాలి? మీ భారత పాస్‌పోర్టులో ఏముందో అదే రాయండి, ఓసీఐ ఫారంలో కూడా అదే. సరిచేద్దామని కొత్త జిల్లా పేరు రాస్తే పాత కాగితాలతో కలవక ప్రశ్నలొస్తాయి.

రాత్రిళ్లు ఎక్కువగా వేధించేది "ఎక్కడో ఏదో తప్పు రాశానేమో" అన్న అనుమానం. దానికి మందు ఒకటే. పంపిన ఫారం మొత్తం ప్రింట్ తీసి పెట్టుకోండి. అనుమానం వచ్చినప్పుడు కాగితం తీసి చూడండి. నిజంగా తప్పుంటే ఇంటర్వ్యూలో ఆఫీసరుకు మీరే ముందుగా చెప్పి దిద్దించుకోవచ్చు, అక్కడ అది మామూలే. అరెస్టు, కోర్టు కేసు ఉంటే, లేదా డ్రైవింగ్ లైసెన్స్ ఆఫీసులో తెలియక ఓటరు నమోదు గడిలో టిక్ పెట్టి ఉంటే, ఫారం పంపకముందే ఇమ్మిగ్రేషన్ లాయర్‌ను కలవాలి. ఇవి స్నేహితులను అడిగి తేల్చుకునేవి కావు.

ఇంటర్వ్యూ: నోరు ఎండిపోకుండా

2025 అక్టోబర్ 20న గానీ ఆ తర్వాత గానీ ఫారం పంపినవాళ్లకు కొత్త పరీక్ష. మొత్తం 128 ప్రశ్నల్లోంచి 20 వరకు అడుగుతారు, 12 సరిగ్గా చెప్పాలి. 12 కాగానే ఆపేస్తారు, తొమ్మిది తప్పయినా ఆపేస్తారు. అంతకుముందు పంపినవాళ్లకు పాత పద్ధతి: 100 ప్రశ్నల్లోంచి 10, ఆరు సరైతే చాలు. ఇంగ్లిష్‌లో మూడు వాక్యాల్లో ఒకటి చదవాలి, మూడింటిలో ఒకటి విని రాయాలి.

128 అనగానే బెదరొద్దు. రోజుకు ఎనిమిది చొప్పున 16 రోజులు. తర్వాత రెండు వారాలు తిరగేయడం. చదవడం కాదు, పైకి చెప్పాలి. కంటితో చదివినవాళ్లకు జవాబు తెలిసీ నోటికి రాదు. ఇంటర్వ్యూలో తప్పే వాళ్లలో చాలామంది సంగతి ఇదే. గవర్నర్, సెనేటర్లు, మీ ప్రాంత ప్రతినిధి, స్పీకర్ పేర్లు ఇంటర్వ్యూ రోజుకు ఎవరుంటే వాళ్లవే చెప్పాలి, కాబట్టి ముందురోజు సాయంత్రం ఒకసారి సరిచూసుకోండి. వాటికి అధికారిక సైట్ చూడండి, పాత యూట్యూబ్ వీడియోలు కాదు.

అసలు గాబరా పరీక్షలో ఉండదు, ఫారం ప్రశ్నల్లో ఉంటుంది. "ఎప్పుడైనా అరెస్టయ్యారా, ఎప్పుడైనా అమెరికా పౌరుడినని చెప్పుకున్నారా, ఎవరినైనా హింసించారా" అని ఆఫీసరు వరుసగా గబగబా అడుగుతారు. ఇక్కడ మనవాళ్లు మూడు చోట్ల తడబడతారు.

మొదటిది తల ఊపడం. మన తల అటూ ఇటూ ఊగితే అవునో కాదో అవతలివాళ్లకు అర్థం కాదు. ప్రతి జవాబూ నోటితోనే చెప్పాలి. రెండోది "మీరు ఎప్పుడూ అరెస్టు కాలేదు కదా?" లాంటి ప్రశ్న. మనకు అలవాటైన జవాబు "అవును, కాలేదు" అని. ఇంగ్లిష్‌లో "యెస్" అని ఆగిపోతే అరెస్టయ్యానని చెప్పినట్టు. అందుకే ఒక్క మాటతో ఆపకుండా "నో, ఐ హావ్ నెవర్ బీన్ అరెస్టెడ్" అని పూర్తి వాక్యం చెప్పడం అలవాటు చేసుకోండి. మూడోది తేదీలు. అక్కడ నెల ముందు, రోజు తర్వాత. 07/08 అంటే వాళ్లకు జూలై 8. నెలను అంకెతో కాకుండా పేరుతో చెబితే ఏ గొడవా ఉండదు.

అర్థం కాకపోతే "కుడ్ యూ ప్లీజ్ రిపీట్ దట్?" అనండి. అడిగినందుకు ఎవరూ తప్పించరు. అర్థం కాకుండానే యెస్ అనడమే ప్రమాదం.

వారం ముందు నుంచి రోజూ ఒకసారి ఇంటర్వ్యూ నాటకం వేయండి. ప్రశ్నలు అడిగేది ఇంట్లో మనిషి అయితే లాభం తక్కువ, వాళ్ల గొంతుకు చెవి అలవాటు పడి ఉంటుంది. ఆఫీసులో తోటి ఉద్యోగిని, పక్కింటివాళ్లను ఫోన్లో అడగమనండి. తలుపు బయటి నుంచి నడిచొచ్చి, కుడిచేయి ఎత్తి నిజమే చెప్తానని ప్రమాణం చేసి, తర్వాత కూర్చోవడం నుంచి మొదలుపెట్టండి. అసలు రోజున మొదటి రెండు నిమిషాలు ఒంటికి తెలిసిన పనిలా ఉంటే మిగతా ఇరవై నిమిషాలు సాగిపోతాయి.

ఆ రోజు పొద్దున కాఫీ, చాయ్ తగ్గించి కడుపుకు తేలికైనది తినండి. ఇడ్లీ, ఉప్మా చాలు. పిలుపు కోసం కూర్చున్నప్పుడు గుండె దడదడలాడితే నాలుగు లెక్కపెడుతూ గాలి పీల్చి, ఆరు లెక్కపెడుతూ వదలండి. ఐదు నిమిషాలు చేస్తే చేతుల వణుకు తగ్గుతుంది. వదిలే ఊపిరి పొడుగ్గా ఉండాలి, కిటుకు అదే. అపాయింట్‌మెంట్‌కు 15 నిమిషాల ముందు చేరితే చాలు. గంటన్నర ముందే పోయి కూర్చుంటే గాబరా పెరుగుతుంది.

తప్పితే ఏమవుతుంది? తప్పిన భాగం ఒక్కటే 60 నుంచి 90 రోజుల్లో మళ్లీ పెడతారు. అప్పుడూ తప్పితే దరఖాస్తు తిరస్కరిస్తారు, మళ్లీ ఫీజు కట్టి పెట్టుకోవచ్చు. పరీక్ష తప్పినందుకు గ్రీన్‌కార్డ్ పోదు. ఈ ఒక్క మాట ఇంటర్వ్యూ ముందు రాత్రి గుర్తుంచుకోండి.

అమ్మానాన్నలే పరీక్షకు కూర్చుంటే

కొడుకో బిడ్డో గ్రీన్‌కార్డ్ పెట్టి తీసుకెళ్లిన తల్లిదండ్రులకు ఈ బుగులు రెండింతలు. పరకాల, జనగామ, హుజూరాబాద్‌లో బతుకంతా తెలుగులో గడిచినవాళ్లు అరవై దాటాక ఇంగ్లిష్‌లో జవాబులు చెప్పాలి. పైకి "నాకెందుకు బిడ్డా ఇదంతా" అంటారు. తప్పితే పిల్లల ముందు పరువు పోతుందని లోపల భయం.

మినహాయింపులు తెలుసుకోండి. 50 ఏళ్లు దాటి 20 ఏళ్లు గ్రీన్‌కార్డ్ మీద ఉన్నవాళ్లకు, 55 దాటి 15 ఏళ్లు ఉన్నవాళ్లకు ఇంగ్లిష్ పరీక్ష లేదు, మిగతా ప్రశ్నలు దుబాసి ద్వారా తెలుగులో చెప్పొచ్చు. 65 దాటి 20 ఏళ్లు ఉంటే ప్రశ్నలు కూడా తక్కువ: జాబితాలో నక్షత్రం గుర్తు వేసిన 20 ప్రశ్నల్లోంచి 10 అడుగుతారు, ఆరు చెబితే చాలు. చిక్కేమిటంటే లేటు వయసులో పోయినవాళ్లకు ఈ ఏళ్లు నిండవు. వాళ్లు ఇంగ్లిష్‌లోనే రాయాలి. మతిమరుపు లాంటి జబ్బు నిజంగా ఉంటే పరీక్ష నుంచి మినహాయింపు కోసం డాక్టరు ఎన్‌-648 ఫారం రాసివ్వొచ్చు. ముసలితనం, చదువు రాకపోవడం మాత్రమే కారణమంటే ఒప్పుకోరు. అట్లా రాయిస్తామని డబ్బులడిగేవాళ్ల జోలికి పోవద్దు.

చదవడానికి, రాయడానికి వచ్చే పదాల జాబితాలు అమెరికా పౌరసత్వ, వలసల శాఖ (యూఎస్‌సీఐఎస్) ఉచితంగా ఇస్తుంది, వాటిలోవే అడుగుతారు. పొద్దున 20 నిమిషాలు, సాయంత్రం 20 నిమిషాలు చాలు. రాసేటప్పుడు ఒకటి రెండు అక్షరాలు అటూ ఇటూ అయినా అర్థం చెడకపోతే ఒప్పుకుంటారు, పదాన్ని కుదించి రాస్తే ఒప్పుకోరు. చదివేటప్పుడు మధ్యలో ఎక్కువసేపు ఆగొద్దు. ప్రశ్నల ఆడియో వంట చేసేటప్పుడు, వాకింగ్‌లో పెట్టండి. మనవలు నవ్వకుండా చూసుకోండి. ఒక్కసారి నవ్వితే అమ్మమ్మ ఆ పుస్తకం మళ్లీ ముట్టదు.

"చట్టం కోరితే ఆయుధం పడతారా?" అన్న ప్రశ్నకు పెద్దవాళ్లు ఉలిక్కిపడతారు. ఈ వయసులో తుపాకీ ఇస్తారేమోనని నిజంగానే భయపడతారు. అది దేశానికి అవసరమైతే చట్టప్రకారం నిలబడతానన్న ఒప్పుకోలు మాత్రమేనని తెలుగులో ముందే విడమరిచి చెప్పండి. మత విశ్వాసం, అంతరాత్మ ఒప్పుకోనివాళ్లకు ఆ మాట తీసేసి ప్రమాణం చేసే వీలుంది.

ప్రమాణం రోజు

కొన్ని ఆఫీసుల్లో ఇంటర్వ్యూ అయిన రోజే ప్రమాణం పెట్టేస్తారు. దానికి మనసు సిద్ధం కాక చాలామంది తికమకపడతారు. అందుకే ఇంటర్వ్యూకు పోయేటప్పుడే "ఇవాళే అయిపోవచ్చు" అనుకుని, ఇంటికి కూడా ముందే చెప్పి పొండి.

వేరే రోజైతే ఎన్‌-445 కాగితం వస్తుంది. ఇంటర్వ్యూ తర్వాత ప్రయాణాలు, పెళ్లి, అరెస్టు ఏమైనా ఉన్నాయా అని అందులో అడుగుతారు, దాన్ని ప్రమాణం రోజు పొద్దునే నింపండి. గ్రీన్‌కార్డ్ అక్కడే తిరిగిచ్చేయాలి.

ప్రమాణం మొదటి వాక్యంలోనే, ఇప్పటిదాకా పౌరుడిగా ఉన్న దేశం పట్ల విధేయతను పూర్తిగా వదులుకుంటున్నానని పలకాలి. గొంతు పట్టేసేది అక్కడే. హాల్లో మొదటిసారి వింటే కళ్లలో నీళ్లు వస్తాయి. వారం ముందే ఆ ప్రమాణం మొత్తం చదవండి, ఒకసారి పైకి పలకండి, తెలుగులో అర్థం రాసుకోండి. అందులో వదులుకునేది ప్రభుత్వానికి పౌరుడిగా ఉన్న విధేయత. అమ్మానాన్నలు, భాష, దేవుడు, ఊరు ఆ వాక్యంలో ఎక్కడా లేవు. భద్రకాళి గుడికి పోవడానికి ఏ ప్రమాణమూ అడ్డం రాదు. ఇంత చేసినా ఏడుపొస్తే రానివ్వండి, పక్క కుర్చీల్లో కూడా చాలామంది అదే స్థితిలో ఉంటారు.

సర్టిఫికెట్ చేతికిచ్చాక ఫోటోల కోసం పరుగెత్తొద్దు. కుర్చీలో కూర్చుని పేరు, పుట్టిన తేదీ, దేశం చూడండి. తప్పుంటే హాలు వదలకముందే చెప్పండి. బయటికొచ్చాక దిద్దించాలంటే ఎన్‌-565 ఫారం పెట్టుకుని నెలల తరబడి ఎదురుచూడాలి. సంతకం పేరు ఎట్లా ఉందో అట్లానే పెట్టండి. ఇంకొకటి, మన అలవాటు కొద్దీ దాన్ని లామినేషన్ చేయించొద్దు. ప్లాస్టిక్ కవర్లో పెడితే చాలు. ఇంటికి పోగానే రంగు స్కాన్ తీసి రెండుచోట్ల దాచండి. పాస్‌పోర్ట్ కోసం అసలు కాగితం పోస్టులో పోయినప్పుడు ఆ స్కానే అక్కరకొస్తుంది.

పాస్‌పోర్ట్ లేని ఆ కొన్ని వారాలు

గ్రీన్‌కార్డ్ ఇచ్చేశారు, భారత పాస్‌పోర్ట్ మీద ప్రయాణం చేయకూడదు, అమెరికా పాస్‌పోర్ట్ ఇంకా రాలేదు, ఓసీఐ అంతకన్నా దూరం. వరంగల్ ఎంజీఎం ఆస్పత్రి నుంచి ఫోన్ వస్తే ఎట్లా అన్న భయానికి నిజమైన ఆధారం ఉన్నది ఈ వారాల్లోనే. అందుకే ప్రమాణమైన రోజునో మర్నాడో డీఎస్‌-11 ఫారంతో పాస్‌పోర్ట్‌కు పెట్టండి. ఫీజు 165 డాలర్లు, త్వరగా కావాలంటే ఇంకో 60. ఇంట్లో పెద్దవాళ్ల ఆరోగ్యం బాగా లేకపోతే ఆ 60 దగ్గర చూడొద్దు. 14 రోజుల్లోపు విదేశీ ప్రయాణం తప్పకపోతే పాస్‌పోర్ట్ ఏజెన్సీలో నేరుగా అపాయింట్‌మెంట్ దొరికే అవకాశం ఉంది.

పాస్‌పోర్ట్ రాగానే భారత పాస్‌పోర్ట్ సరెండర్‌కు, ఓసీఐకి, కాన్సులేట్ తరఫున దరఖాస్తులు తీసుకునే వీఎఫ్ఎస్ సంస్థ ద్వారా పంపండి. ఓసీఐ చేతికొచ్చేలోపు అత్యవసరమైతే కాన్సులేట్‌లో అత్యవసర వీసా అడగొచ్చు. సరెండర్ కాగితం, ఆస్పత్రి లేదా డాక్టరు లేఖ, మీ బంధుత్వం చూపే పత్రం ఒక ఫైల్లో పెట్టుకోండి. ఇక్కడ తమ్ముడికో బావకో ఒక పని అప్పగించండి: అవసరమైతే ఆస్పత్రి లేఖ గంటలో స్కాన్ చేసి పంపడం. ఇంటివాళ్లు ఏ నెలల్లో ఆపరేషన్లు, పెళ్లిళ్లు పెట్టుకున్నారో చూసి, అవి దగ్గరలో ఉంటే ప్రమాణం తేదీ మార్చమని అడగడం మంచిది. కారణం రాసి అడిగితే సాధారణంగా ఒకసారి మారుస్తారు. చెప్పకుండా పోకపోతే మాత్రం దరఖాస్తుకే ముప్పు.

తర్వాత వచ్చే వెలితి

సరెండర్‌కు పంపిన పాత పాస్‌పోర్ట్ క్యాన్సిల్ ముద్రతో తిరిగొస్తుంది. ప్రమాణం రోజు నవ్వుతూ ఉన్నవాళ్లు కూడా ఆ కవరు విప్పినప్పుడు కూలబడతారు. మొదటి వీసా ముద్ర, శంషాబాద్‌లో మొదటిసారి పడ్డ ముద్ర, కుర్రతనపు ఫోటో అన్నీ అందులోనే ఉంటాయి. ఇది మామూలు దుఃఖమే, నిర్ణయం తప్పయిందనడానికి గుర్తు కాదు. ఆ పాస్‌పోర్ట్ పారేయొద్దు, ఓసీఐ పనులకూ మీ పుట్టుక రుజువుకూ పనికొస్తుంది.

కొందరికి ఆగస్టు 15న, కొందరికి ఇండియా మ్యాచ్ రోజున, కొందరికి ఊళ్లో ఎన్నికలప్పుడు ఇది మళ్లీ తిరిగొస్తుంది. దోస్తులు "నీకేంది, అమెరికోడివైతివి" అని నవ్వులాటకు అన్నా గుచ్చుకుంటుంది. ఒకసారి నెమ్మదిగా "ఆ మాట నాకు బాధనిపిస్తది" అని చెప్పండి. సాధారణంగా ఆపేస్తారు. అదే దారిలో పోయిన మరో ఇద్దరు ముగ్గురితో తెలుగులో మాట్లాడటం బాగా పనిచేస్తుంది. రెండు మూడు నెలలైనా నిద్ర సరిగ్గా లేకపోయినా, పని మీద మనసు నిలవకపోయినా, ఇంటికి ఫోన్ చేయడమే మానేసినా కౌన్సెలర్‌ను కలవాలి. తెలుగు మాట్లాడే కౌన్సెలర్లు వీడియోలో కూడా దొరుకుతారు.

మొదటిసారి ఇంటికి

శంషాబాద్‌లో ఇమ్మిగ్రేషన్ కౌంటర్ ముందు మళ్లీ గుండె కొట్టుకుంటుంది. అమెరికా పాస్‌పోర్ట్, ఓసీఐ కార్డు రెండూ చేతిలో ఉండాలి, చెక్-ఇన్ సామానులో పెట్టొద్దు. క్యాన్సిల్ అయిన పాత పాస్‌పోర్ట్ కూడా హ్యాండ్‌బ్యాగులో ఉంటే మేలు. విమానం ఎక్కే చోటే ఎయిర్‌లైన్ సిబ్బంది ఓసీఐ అడుగుతారు, ఇంట్లో మరిచిపోతే అక్కడే ఆగిపోతారు.

హనుమకొండ చేరాక మొదటి వారంలోనే బ్యాంకుకు పోయి కొత్త పాస్‌పోర్ట్, ఓసీఐతో కేవైసీ మార్పించండి. పాత రెసిడెంట్ సేవింగ్స్ ఖాతా ఇంకా అట్లానే ఉంటే ఎన్ఆర్ఓగా (విదేశాల్లో ఉంటున్నవాళ్ల ఖాతాగా) మార్చాలి. ఓటరు జాబితాలో మీ పేరుంటే ఫారం 7తో తీయించండి, ఆ పేరు మీద ఇకపై ఓటు వేయకూడదు. నాయినతో కూర్చుని పట్టా పాసుబుక్కులు, ఇంటి కాగితాలు, వీలునామా ఒక్కచోట పెట్టి, ఎక్కడున్నాయో ఇంట్లో ఇద్దరికి తెలిసేట్టు రాసి ఉంచండి. ఈ పనులకు రెండు మూడు రోజులు పడుతుంది, సెలవు రోజులు చూసుకుని ముందే వేరుగా తీసిపెట్టుకోండి.